ఇంజను నీళ్లు పోస్తోందా?

నెల్లూరు జిల్లా మైపాడు ఒడ్డున తెల్లవారుజామున నాలుగింటికి వరసగా బోట్లు కదిలేటప్పుడు, తాడు లాగిన మొదటి మోత విని అది ఎవరి ఇంజనో, దానికి ఏ రోగముందో చెప్పగలిగినవాళ్లం మేము. నాజిల్ చుక్కలు కారుస్తోందా, రింగులు అరిగాయా, డీజిల్లో నీళ్లు కలిశాయా, అంతా చెవికే తెలిసేది. నా మనవడికి ఇరవై రెండేళ్లు. నాకంటే బాగా ఈదుతాడు, వల వేయడంలో వాడి చేయి నా చేతికన్నా చురుకు. కానీ వాడి ఇంజను వాడికి తెలియదు. వాడిని తప్పుపట్టను. మేము మూత తీస్తే వారంటీ చెల్లదని రాసిన కాగితం ఆ ఇంజనుతో పాటే ఇంటికొచ్చింది.

మా రోజుల్లో సముద్రం మీదికి పోయే వస్తువును తయారుచేసేదీ, విప్పేదీ, బాగుచేసేదీ దాని మీద ఎక్కిపోయే మనిషే. మా నాయన తెప్ప మీద పోయేవాడు. మెత్తటి తేలిక కర్ర మాన్లు పక్కపక్కనే పెట్టి, ముందూ వెనకా కొబ్బరి తాడుతో బిగించడం, అంతే. మేకు లేదు, చీల లేదు. ఒడ్డుకొచ్చాక తాడు విప్పి మాన్లు విడదీసి ఇసకలో ఆరబెట్టాలి. ఆ కర్ర నీళ్లు తాగితే బరువెక్కి మునగబోతుంది. పదేళ్ల పిల్లోడిగా నా పని ఆ తాడు చుట్టడం. తడి తాడు అరచేతులు కోసేసేది. నాయన తాడుకి ఒక కాలు ఆనించి, ఒళ్లంతా వెనక్కి వాల్చి బిగించేవాడు. నడి సముద్రంలో కట్టు వదులైతే అక్కడే, నీళ్లలోకి దిగి, మళ్లీ కట్టుకునేవాడు.

ఒడ్డు నుంచి లాగే అలివి వలకి మసూలా పడవ ఉండేది. దాని పలకలన్నీ కొబ్బరి తాడుతో కుట్టినవే. మన తీరంలో అల విరిగి పడవను ఇసక మీదికి విసురుతుంది. బిగుతుగా మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి పగులుతుంది. కుట్టు పడవ కాస్త సాగి, కాస్త వంగి నిలబడేది. కుట్టు ఊడితే పది మంది కూర్చుని సాయంత్రానికి కుట్టేసేవాళ్లు. ఈ ఒడ్డు ఎట్టాంటిదో తెలిసిన మనుషులు ఈ ఒడ్డు కోసమే చేసిన పడవ అది.

తెప్ప మీద బతుకు సుఖమని నేను అనను. గాలి తిరగబడితే ఒడ్డు కనబడుతూనే ఉండేది, చేరడం మాత్రం కుదిరేది కాదు. మా వాడలో అట్టా తిరిగి రానివాళ్లున్నారు. అందుకే ఇంజను వచ్చినప్పుడు నేను మొదటి వరసలో నిలబడ్డాను.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్లు 1979 నుంచి మద్రాసులో కూర్చుని బంగాళాఖాతం పథకం అని ఒకటి నడిపారు. హార్బరు లేని మన తీరానికి అలల్లోంచి నేరుగా ఇసక మీదికెక్కే బోట్లు గీశారు. ఫైబరు బోటు, చిన్న డీజిల్ ఇంజను, ఒడ్డు దగ్గరికి రాగానే నీళ్లలో తిరిగే ఫ్యాను పైకి లేపేసుకునే ఏర్పాటు. ఇసక తగిలితే ఫ్యాను విరుగుతుందని ముందే ఆలోచించి చేసిన పని అది. ఈ సంగతి నేను ఎందుకు ఎత్తానో తర్వాత చెబుతాను.

1986లో నేనూ నా బావా కలిసి చేపల వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని ఫైబరు బోటు కొన్నాం. ఒంటి సిలిండరు, గాలితో చల్లబడే డీజిల్ ఇంజను, వెనక పొడుగాటి షాఫ్టు. ఆ ఇంజనుతో పాటే మా బతుకులోకి సాయిబు వచ్చాడు. నెల్లూరులో లారీల పంపుల పని చేసుకునే మనిషి. బోట్లు పెరిగేసరికి వారానికి రెండు రోజులు మైపాడు వచ్చి, సరుగుడు చెట్ల కింద గోనెసంచి పరిచి కూర్చునేవాడు. నాజిల్ విప్పి పేపరు ముక్క ముందు పెట్టి చిమ్మించేవాడు. పేపరు మీద మంచు పడ్డట్టు సన్నగా పరుచుకుంటే మంచిది. చుక్కలు చుక్కలుగా పడితే, "నాయనా, ఇది డీజిల్ తాగతా ఉండాది, కాల్చడం లేదు" అనేవాడు. హెడ్డు విప్పించేది మా చేతనే. బోల్టులు ఏ వరసలో వదులు చేయాలో, ఏ వరసలో బిగించాలో వేలితో చూపించి తాను బీడీ వెలిగించుకునేవాడు. ఒకే పక్క బిగించుకుంటూ పోతే హెడ్డు వంకర పోతుందని ఆ చెట్ల కిందే నేర్చుకున్నాను.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది: "ఒడ్డుకొచ్చినాక ముందు ఇంజనుకి మంచినీళ్లు పట్టు. ఆ తర్వాతే నువ్వు తాగు." ఉప్పు ఒక్క రాత్రి కూర్చుంటే చాలు, బోల్టు మరలో తుప్పు పూస్తుంది. వారం వదిలేస్తే స్పానరుకి బోల్టు రాదు, తల తెగి వస్తుంది. ఇనప సామానుకి మా ఒడ్డున ఉన్న ఆయుష్షు ఊళ్లో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు.

ఉప్పు గాలి బాధ ఇంకోచోటా ఉందని నా బామ్మర్ది వల్ల తెలిసింది. వాడు మద్రాసు మీనంబాకంలో చిన్న విమానాలుండే షెడ్డులో హెల్పరుగా చేసేవాడు. వాడు పండక్కొచ్చినప్పుడు ఇద్దరం కూర్చుంటే మాటలన్నీ ఇంజన్ల మీదే. బెంగళూరు హెచ్‌ఏఎల్ వాళ్లు చేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానానికి ఒంటి మీద రేకు కాదు, గుడ్డ కప్పి పైన డోపు అనే వార్నీషు పూస్తారని వాడు చెబితే మొదట నేను నమ్మలేదు. మద్రాసు ఉప్పు గాలికి కేబుళ్లూ బోల్టులూ ఎట్టా తినేస్తాయో చెప్పేవాడు. సొంత విమానం పెట్టుకున్న ఆసాములు, అమెరికా నుంచి రావలసిన ఒక చిన్న సామాను కోసం నెలల తరబడి విమానాన్ని షెడ్డులో పెట్టుకుని ఎదురు చూసేవాళ్లట. ఎగరకపోయినా షెడ్డు అద్దె కట్టాలి, తనిఖీ చేయించాలి, ఏటేటా కాగితం తెచ్చుకోవాలి. అన్ని లక్షలున్నవాళ్లకీ మా బాధే ఉందా అనిపించింది. దారిలో ఇంజను ఆగితే దిగి చెట్టు నీడన నిలబడే వీలు వాళ్లకీ లేదు, మాకూ లేదు.

కానీ వాడు చెప్పినదాంట్లో నన్ను పట్టుకున్నది లాగ్ బుక్కు. విమానం ఎన్ని గంటలు తిరిగిందో రాస్తారు. యాభై గంటలకి ఒక తనిఖీ, వందకి ఒకటి. ఏ సామాను ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో, కింద సంతకం. ఆ మెకానిక్కు ఉద్యోగం మానేసినా, చచ్చిపోయినా, విమానం కథ పుస్తకంలో ఉంటుంది. మా ఇంజన్ల కథంతా సాయిబు తలలో ఉండేది. 2011లో ఆయన పోయాడు. నూట యాభై ఇంజన్ల లెక్క ఆయనతోనే పోయింది. కొడుకులు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నారు, ఆ పనిలోకి ఎందుకు వస్తారు!

అంతకు ముందే, 2004 డిసెంబరు 26న, సునామీ మా పాత బోటుని సరుగుడు తోపులోకి విసిరి రెండు ముక్కలు చేసింది. ఆ తర్వాత సాయంగా బోట్లొచ్చాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిది, కాదనను. నాకొచ్చిన బోటు మాత్రం తొందరలో పోసింది. మూడో ఏడాదికి అడుగున ఫైబరు పొరలు అప్పడంలా లేచాయి. ఒడ్డు మీద ఈడ్చే బోటుకి అడుగు మందంగా ఉండాలని ఎవరైనా మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లం.

ఇక ఈ రోజుల సంగతి. నాలుగేళ్ల కిందట నా కొడుకు జపాన్ ఇంజను తెచ్చాడు, బోటు వెనక తగిలించేది, పెట్రోలుది. చప్పుడు తక్కువ, వేగం ఎక్కువ, చేత్తో లేపుకోవచ్చు. గొప్ప పనితనమే. కానీ అది సముద్రపు నీళ్లు పీల్చి తన ఒళ్లు చల్లబరచుకునే రకం. కింది కాలులో రబ్బరు చక్రం ఒకటుంటుంది, అరచేతి గుంటలో పట్టేంత, ఆరు రెక్కలు. అదే పంపు. పని చేస్తోందనడానికి గుర్తుగా వెనకనుంచి సన్నటి నీళ్ల ధార బయటికి చిమ్ముతుంది. జెట్టీలో నిలిపే బోటుకి ఇది భేషైన ఏర్పాటు. మేము రోజూ అలల్లోంచి ఇసక మీదికెక్కించేవాళ్లం. ఆ చివరి పది గజాల్లో ఇంజను పీల్చేది సగం నీళ్లు, సగం ఇసక. ఉప్పుకాగితంతో రుద్దినట్టు ఆ రెక్కలు అరిగిపోతాయి. ఇందాక ఫ్యాను లేపే ఏర్పాటు సంగతి ఎత్తింది ఇందుకే. నలభై ఏళ్ల కిందట ఈ ఒడ్డుని చూసి ఇంజను పెట్టారు. ఇప్పుడు ఇంజనుని అమ్మేసి, ఒడ్డు సంగతి మనకి వదిలేశారు.

పోయినేడాది వేట నిషేధం ఎత్తేసిన నెలకి మనవడూ ఇంకో ముగ్గురూ కానగంత చేపల కోసం పోయారు. ఇంజను కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఫోను అందలేదు. ప్రవాహం వాళ్లని కృష్ణపట్నం ఓడల దారివైపు నెట్టింది. ఆ ఓడల పైనుంచి చూసేవాడికి మా బోటు కొబ్బరికాయంత కూడా కనబడదు. నాలుగు గంటల తర్వాత పక్క పాలెం బోటు తాడేసి లాక్కొచ్చింది. ఒడ్డుకొచ్చాక నేనడిగిన మొదటి మాట, "తెడ్డు ఏదిరా?" బోటులో తెడ్డు లేదు. రెండో మాట, "నీళ్లు పోస్తోందా చూశారా?" వారం నుంచి ధార సన్నబడిందట, చూశారట. దానికి అర్థమేమిటో వాళ్లకెవరూ చెప్పలేదు. ఇంట్లో నేనుండి కూడా చెప్పలేదు. షాపువాళ్లే తప్ప మనం ముట్టకూడని వస్తువని నేనూ చేతులు కట్టుకున్నాను.

షాపుకి పంపాం. పంతొమ్మిది రోజులకి వచ్చింది, రబ్బరు చక్రం కొత్తది వేసి. రెండో రోజే మళ్లీ కుయ్‌మంది. ఇక నేను ఆగలేదు. పదో నెంబరు స్పానరు తీసుకుని పాత గోనెసంచి పరుచుకున్నాను. వారంటీ ఎటు పోతే అటు పోనీ అనుకున్నాను. పైన థర్మోస్టాటు మూత విప్పితే, నీళ్లు పోయే సందులో చింతగింజంత నల్ల రబ్బరు ముక్క ఇరుక్కుని ఉంది. పాత చక్రం రెక్క విరిగి, పైకి కొట్టుకుపోయి అక్కడ కూర్చుంది. చక్రం మార్చినవాళ్లు పాత చక్రానికి రెక్కలెన్ని మిగిలాయో లెక్కపెట్టలేదు. ఆరుండాల్సిన చోట అయిదున్నరే ఉంటే, మిగతా సగం ఎక్కడుందని సాయిబు అడిగి ఉండేవాడు. నేను కోపంతో రాస్తున్నాను, నిజమే. ఆ సగం రెక్క వెతకకపోవడం వల్ల నలుగురు పిల్లలు మళ్లీ ఓడల దారిలో పడేవాళ్లు.

మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం, నిషేధం న్యాయమే. సాయం 2019లో పదివేలు చేశారు, 2025లో ఇరవై వేలయింది. సంతోషం. ఇంజను విప్పి బాగుచేసుకోవలసిన కాలమూ అదే. తీరంలోని ఇంజన్లన్నీ ఆ రెండు నెలల్లోనే నెల్లూరుకి, చెన్నైకి పోతాయి. షాపుల్లో వరస కడతాయి. కొన్ని జూన్ 14కి రానే రావు, వేట మొదలయ్యే రోజుకి బోటు ఒడ్డునే ఉంటుంది. కాగితాలకి మాత్రం కొదవ లేదు. బోటుకి రిజిస్ట్రేషను, మనిషికి కార్డు, డీజిల్ రాయితీకి కార్డు, పెట్టెలో ట్రాన్స్‌పాండరు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు సముద్రంలోకి పోవద్దని కబురు. ఇవన్నీ ప్రాణాల కోసమేనని ఒప్పుకుంటాను. అన్ని కాగితాల్లోనూ ఇంజను నెంబరు రాస్తారు గానీ, ఇంజను ఎట్టుంది అని అడిగే కాగితం ఒక్కటీ నేను చూడలేదు.

జువ్వలదిన్నెలో హార్బరు కట్టారు. కాంక్రీటు జెట్టీ చూడ్డానికి బాగుంది. మా వాళ్లలో చాలామంది ఇప్పటికీ ఇసక మీదికే ఎక్కిస్తున్నారు. ఈ ఒడ్లలో నాలుగు చోట్ల ఒక షెడ్డు, ఒక మంచినీళ్ల కుళాయి, రబ్బరు చక్రాలూ నాజిళ్లూ ప్యాకింగులూ అసలు ధరకి అమ్మే అర, పని తెలిసిన ఒక మనిషి. ఇది అడగడం అత్యాశా? సిఫ్‌నెట్ అని కేంద్రం వాళ్ల శిక్షణ సంస్థకి చెన్నైలో, విశాఖలో శాఖలున్నాయి. మా పిల్లలని ఏటా అయిదుగురిని పంపినా, పదేళ్లకి ప్రతి పాలెంలో ఇంజను విప్పగలిగే చేయి ఉంటుంది. పంపమని పోయిన సంక్రాంతికి మా పాలెం పెద్దలైన కాపుల ముందు అడిగాను. చూద్దామన్నారు. మళ్లీ అడుగుతాను.

ఈలోపు నేను లెక్కల పుస్తకం ఒకటి కొన్నాను, షావుకార్లు వాడే ఎర్ర అట్టది. తేదీ, తిరిగిన గంటలు, పోసిన ఆయిలు, మార్చిన సామాను, చివరి గడిలో నీళ్ల ధార. మొదటి నెలంతా నేనే రాశాను. ఆదివారం నేను జ్వరంతో పడుకుంటే మనవడు రాశాడు, వాడి వంకర అక్షరాల్లో: "గంటలు 6. మంచినీళ్లు పట్టినాము. ధార చిటికెన వేలంత. నిన్నటి కంటే కొంచం తక్కువ. తాతకి చూపించాలి."