రాస్ బిహారీ బోస్‌కు వీసా రాదు

విదేశీయులు కంపెనీ పెట్టుకునే ‘బిజినెస్ మేనేజర్’ వీసాకు జపాన్ ప్రభుత్వం మూలధనాన్ని 50 లక్షల యెన్‌ల నుంచి ఏకంగా 3 కోట్లకు పెంచేసింది. మన లెక్కలో కోటిన్నర రూపాయల పైమాటే. వీసాను దుర్వినియోగం చేస్తున్నారట. 2025 అక్టోబర్ 16 నుంచి అమల్లోకి వచ్చిన ఈ షరతులతో టోక్యో ఇమిగ్రేషన్ కిటికీ ముందు ఒక పాత మనిషిని నిలబెట్టి చూడాలి.

పేరు రాస్ బిహారీ బోస్. వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు కేసులో బ్రిటిష్ పోలీసులు వెతుకుతుంటే, 1915లో రవీంద్రుడి బంధువునంటూ మారుపేరుతో జపాన్ చేరాడు. షింజుకులోని నకమురాయ బేకరీ వాళ్లు దాచిపెట్టారు. 1927లో అదే నకమురాయ ఆయన చేతి చలవతో భారతీయ కోడికూర వడ్డించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ వడ్డిస్తోంది.

“వ్యాపారం?”

“కోడికూర, అన్నం.”

“మూలధనం?”

బేకరీ వాళ్ల దయ. దాన్ని యెన్‌లలో రాసే గడి ఫారంలో లేదు.

“మూడేళ్ల యాజమాన్య అనుభవం?”

విప్లవకారులను కూడగట్టిన అనుభవం బోలెడుంది, సర్టిఫికెట్ ఇచ్చేవాడే లేడు. పోనీ, సంబంధిత సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీ అయినా చాలు. కోడికూరలో ఎం.ఏ. ఎక్కడ చెబుతారో గుమస్తాకూ తెలియదు. వ్యాపార ప్రణాళిక మీద అకౌంటెంటు లాంటి నిపుణుడి సంతకం, జీతమిచ్చి పెట్టుకున్న ఒక స్థానిక ఉద్యోగి కూడా కావాలి. జపనీస్ భాష రావాలన్న షరతులో మాత్రం బోస్ గట్టెక్కుతాడు. ఆ భాషలో పుస్తకాలే రాశాడు.

గుమస్తా జాలిపడి గొంతు తగ్గిస్తాడు. “ఇక్కడి పిల్లను చేసుకోండి సార్, ఈ మూడు కోట్ల గొడవే ఉండదు.” బోస్ 1918లో చేసిందీ అదే. బేకరీ వారమ్మాయి తోషికోను పెళ్లాడాడు.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. కూటికి ముందు మూడు కోట్లు చూపించమంటోంది టోక్యో.

అదే జపాన్‌లో కంపెనీల చట్టం ప్రకారం 2006 నుంచి ఒక్క యెన్ మూలధనంతోనైనా కంపెనీ పెట్టవచ్చు. జపనీయుడికి ఆ ఒక్క యెన్ చాలు. పరదేశికి మూడు కోట్లు! దొంగ కంపెనీలు లేవని ఎవరూ అనరు. అయితే డబ్బున్న దొంగకు ఈ మూడు కోట్లు ఒక లెక్కా? దెబ్బ తగిలేది పళ్లెం దాటి వేలాడే నాన్, రెండు గిన్నెల కూర, నారింజ రంగు డ్రెస్సింగ్ పోసిన సలాడ్‌తో మధ్యాహ్నం భోజనం పెట్టే చిన్న హోటలు వాడికి. బోర్డు మీద ‘ఇండియన్’ అని ఉన్నా, చాలాచోట్ల తందూరు ముందు నిలబడేది నేపాలీ.

ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు 2028 అక్టోబర్ దాకా గడువిచ్చారు. నాన్‌లు అమ్మి ఆలోపు మూడు కోట్లు కూడబెట్టాలట! ఏ నాయకుడినైనా ఒక్క నెల ఆ తందూరు ముందు నిలబడి ఈ లెక్క తేల్చమనండి. వీసా పోతే పోయేది ఆ హోటలు వాడొక్కడే కాదు. ఆ వీసా మీదే అక్కడుంటున్న భార్య, జపాన్ బడిలో చదువుతూ జపనీస్‌లోనే కొట్లాడుకునే పిల్లలు కూడా పెట్టె సర్దుకోవాలి. దొంగ కంపెనీని పట్టడానికి దాని అడ్రసుకు వెళ్లి తలుపు కొడితే చాలు. ఆ తలుపులు కొట్టే ఓపిక లేని ప్రభుత్వం, ఈ పిల్లల ఇళ్ల తలుపులు మూయిస్తోంది.