మూడో పీరియడు

2024 సెప్టెంబరు ఒకటిన విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు నీళ్ళు కొన్ని వీధుల్లోంచి పోవడానికి వారం పైనే పట్టింది. జ్వరాలు ఆ తర్వాత తీరిగ్గా వచ్చాయి. జనం వీధిలో నిలిచిన మురుగు చూసి భయపడ్డారు గానీ, డెంగీ దోమకు మురుగుతో పని లేదు. ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకొచ్చి డ్రమ్ముల్లో దాచుకున్న మంచినీళ్ళు చాలు దానికి. పైగా కుట్టేది పగటిపూట, పిల్లలు బడిలో ఉండే వేళ.

అక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూలు. తెరిచిన వారానికే మూడో తరగతిలో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. ప్రిన్సిపాల్ కరోనా నాటి థర్మామీటరు బీరువాలోంచి తీయించి, కొత్త బ్యాటరీలు వేయించి వాచ్‌మన్ చేతికిచ్చారు. అతను గేటు దగ్గర ప్రతి పిల్లాడి నుదుటికీ గురిపెట్టి, అంకె చూసి, లోపలికి వదిలేవాడు. ఒక్కరూ దొరకలేదు. జ్వరాలూ తగ్గలేదు.

స్టాఫ్ మీటింగులో మూడో తరగతి క్లాస్ టీచరు లేచి నిలబడింది.

"గేటు దగ్గర దొరకరు సార్. పొద్దున ఏడింటికి పారాసెటమాల్ సిరప్ పోసి పంపుతారు. గంటలో ఒళ్ళు చల్లబడుతుంది. నాలుగు గంటలు కాస్తుంది, మహా అయితే ఆరు. మూడో పీరియడుకి మళ్ళీ కాలడం మొదలవుతుంది. చూస్తే అప్పుడే చూడాలి."

"ఇంత వివరంగా మీకెలా తెలుసు?" అన్నారు ప్రిన్సిపాల్.

"పిల్లాడి తల్లిని కదా సార్."

అందరూ నవ్వారు. ఆవిడ కొడుకు అదే స్కూల్లో యూకేజీ. సెలవు పెడితే ఆ రోజు జీతం కోసేసే స్కూలది. అయినా టీచర్లు ఒకరి తర్వాత ఒకరు మంచం ఎక్కుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం ఒక్క పూట మానలేదు. మిగతావాళ్ళకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ప్రిన్సిపాల్ ఆవిడనే చూపించేవారు.

సర్క్యులర్ రాసే పనీ ఆవిడకే పడింది, దస్తూరీ గుండ్రంగా ఉంటుందని. 'మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పిల్లల్ని బడికి పంపగలరు' అని రాసి, 'మందు వేయకుండా' కింద రెండు గీతలు గీసింది. కాపీలు తీయించి, డైరీల్లో అంటించి, తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించి తెమ్మంది.

ఆ మర్నాటి నుంచి మూడో పీరియడు మొదట్లో ఎక్కాలు కాసేపు ఆగేవి. ఆవిడ బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి మెడ మీద చేతి వెనకవైపు ఆనించి చూసేది. మొదటి రోజు ఇద్దరు దొరికారు. మర్నాడు ఒకడు. ప్రిన్సిపాల్ ఈ పద్ధతి అన్ని క్లాసుల్లోనూ పెట్టించారు.

గురువారం రెండో బెంచీ దగ్గర చెయ్యి ఆగింది. పాప తల వంచుకుని కూడికలు రాస్తోంది. మెడ కాలిపోతోంది. తెల్ల కాలరు మీద, గడ్డం తగిలే చోట, చింతగింజంత గులాబీరంగు మచ్చ. టీచరు దాన్ని బొటనవేలితో తాకింది. ఇంకా జిగురుగానే ఉంది. వంగి వాసన చూసింది. స్ట్రాబెర్రీ.

"ఎవరు పోశారమ్మా?"

పాప పెన్సిలు ఆపింది. "చెప్పొద్దన్నారు టీచర్."

ఫోన్ చేసిన కాసేపటికి తండ్రి వచ్చాడు. ఖాకీ చొక్కా సగం తడిసి ఉంది. వరండాలోనే నిలబడ్డాడు.

"పొద్దున బాగానే ఉందండీ," అన్నాడు.

"మందు ఎన్నింటికి పోశారు?"

అతను కూతురి వైపు చూశాడు. పాప గోడ వైపు చూసింది.

"డాక్టరు మొదట అడిగేది అదే. ఇక్కడ దాచినా అక్కడ చెప్పాలిగా."

"ఏడింటికండీ."

ఆవిడ డైరీ తెరిచి సర్క్యులర్ చూపించింది. "ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ."

"చదివే పెట్టారా?"

చదివే పెట్టానన్నాడు. వాళ్ళావిడ అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్తుందట. వరదప్పుడు మానినందుకే ఒక ఇల్లు పోయింది, మళ్ళీ మానితే మిగతావీ పోతాయి. తనది ఆటో. హ్యాండిల్ దాకా మునిగింది. వడ్డీకి తెచ్చి ఇంజను విప్పించి, రోడ్డెక్కించి నాలుగు రోజులైంది.

"ఇబ్బందులు ఎవరికి లేవు చెప్పండి?" అంది టీచరు. "మామూలు వైరల్ అయితే క్లాసంతా పాకుతుంది. డెంగీ అయితే పాపకే ప్రమాదం. ఒక్క పూట కూలి కోసం పిల్ల ఒంటితో ఆటలాడతారా? మిగతా తల్లిదండ్రులకు నేనేం జవాబు చెప్పను?"

అతను తల దించుకున్నాడు. దగ్గర్లో ఉన్న ఇద్దరు టీచర్లు తలుపు దాకా వచ్చి విన్నారు. అటెండర్ కూడా.

"ఇవాళే రక్తపరీక్ష చేయించండి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 చేస్తారు. పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్ లాంటివేవీ వేయకండి. కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ పడుతూ ఉండాలి. జ్వరం తగ్గిందని మర్నాడే పంపకండి. డెంగీలో జ్వరం తగ్గాకే జాగ్రత్తగా చూసుకోవాలి."

ఇదంతా ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పింది. అతను ప్రతి మాటకీ తలూపి, రిజిస్టరులో సంతకం పెట్టి, కూతుర్ని ఎత్తుకున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు అతని మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. బయట వాన పెరిగింది. ఆటో పరదాలు దించడానికి పోర్టికోలో ఆగాడు.

అప్పుడే కింది అంతస్తు నుంచి ఆయా వచ్చింది, భుజాన పిల్లాడితో.

"టీచర్‌గారూ, మీ బాబు! వాంతి చేసుకున్నాడు. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది."

టీచరు పరుగెత్తుకెళ్ళి కొడుకుని అందుకుంది. కాలరు తెల్లగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు. అలికిడికి ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికొచ్చారు.

"ఏమైందమ్మా?"

"పొద్దున బాగానే ఉన్నాడు సార్," అంది.

"అయ్యో! ముందు డాక్టరుకి చూపించండి. మూడో తరగతి నేను చూసుకుంటాలే," అన్నారాయన. "అర పూట సెలవు రాసి వెళ్ళండి."

ఆవిడ రాసింది. అంత గుండ్రటి దస్తూరీ ఆ గడిలో మాత్రం వంకర పోయింది. గేటు దాకా వచ్చి రోడ్డుకి అటూ ఇటూ చూసింది. వానలో ఒక్క ఆటో కూడా ఆగడం లేదు.

"రండి మేడంగారూ, మేమూ ఆసుపత్రికేగా," అన్నాడు పాప తండ్రి.

పాప జరిగి చోటిచ్చింది. ఇద్దరు పిల్లలూ సీటుకి చెరో వైపు జారబడ్డారు. టీచరు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని నుదురు తుడుస్తోంది. అతను మీటరు పక్కనున్న గుడ్డతో అద్దం తుడిచి, ఆటో స్టార్ట్ చేసి, వెనక్కి తిరిగాడు. అతని గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు.

"డాక్టరుగారు మొదట అడిగేది అదే కదండీ. బాబుకి ఎన్నింటికి పోశారు?"