మేడ మీంచి గెలాక్సీ: సటీకం

మూలం: "ఎం31. 50 ఎంఎం. 10 సె. × 360. మేడ మీంచి, అనకాపల్లి."

అవతారిక: ఇంటి నుంచి గెలాక్సీల ఫొటోలు తీసేవారు బొమ్మ కింద రాసే పంక్తి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. క్రియ లేదు, కర్త లేడు. పొదుపులో సూత్రకారులు సైతం దీని ముందు దిగదుడుపే. అందుచేత ఈ టీక.

ఎం31 అనగా ఆండ్రోమెడా గెలాక్సీ. తోకచుక్కల వేటలో ఉన్న చార్లెస్ మెస్సియే, తోకచుక్కలని భ్రమపడి కాలం పాడుచేసుకోకూడదని మసక మచ్చలకు ఓ జాబితా వేసుకున్నాడు. అందులో ఇది 31వది. ఆయన వద్దనుకున్న వాటి కోసమే ఇప్పటివారు నిద్ర మానుకుంటున్నారని గ్రహించేది. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. కార్తీక మాసపు రాత్రి ఉత్తరాభాద్ర చుక్క దగ్గర మొదలుపెట్టి ఈశాన్యంగా రెండు చుక్కలు దాటి, వాయవ్యానికి మళ్లితే ఆచూకీ దొరుకుతుంది. అనకాపల్లి అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి, రాత్రి తొమ్మిది పది మధ్య ఉత్తరాన 66 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. వాటర్ ట్యాంకు అడ్డురాదు.

50 ఎంఎం అనగా కటకం వ్యాసం. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప 7 మిల్లీమీటర్లు, అంటే కంటికందే వెలుగుకు యాభై రెట్లు. కొన్ని ప్రతుల్లో "200 ఎంఎం" అని పాఠాంతరం. అది జీతం బాగా వచ్చేవారి పాఠం.

10 సె. × 360: మూలమంతటికీ గుండెకాయ ఇదే. లెక్కకు ఒక గంట. దాన్ని ముక్కలు చేయడమెందుకు? ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. మోటారు వెంట నడిచినా, సీస్టార్ ఎస్50 వంటి చిన్న మోటారు టెలిస్కోపును మామూలుగా నిలబెడితే పక్కలకూ పైకిందికీ మాత్రమే కదులుతుంది. దృశ్యం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. పది సెకన్లలో ఆ తిరుగుడు తెలియదు. పైగా విశాఖ విమానం అడ్డుపడితే పోయేది ఒక్క ముక్కే. తరువాత సాఫ్ట్‌వేరు 360 ముక్కలనూ చుక్కలకు చుక్కలు కలిపి పేరుస్తుంది. గెలాక్సీ వెలుగు 360 రెట్లు పోగవుతుంది, గరకుదనం మాత్రం దాని వర్గమూలం మేరకే, అంటే 19 రెట్లే పెరుగుతుంది. ఒక్క ముక్కలో నడిబొడ్డు మసకగా తెలుస్తుంది. పేర్చాక దాన్ని చుట్టిన దుమ్ముపట్టీ నల్లగా తేలుతుంది. అయితే ఆండ్రోమెడా ఆరు పున్నమి చందమామల వెడల్పు. ఈ పరికరం చట్రంలో అందులో సగం కూడా పట్టదు.

మేడ మీంచి: దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. ఆరేసిన బట్టలు తీయడానికి ఎవరైనా పైకి వస్తే స్లాబు అదిరి ఆ ముక్కలో చుక్కలు గీతలవుతాయి. అర్ధరాత్రికి కటకం మీద మంచు కమ్ముతుంది. చుట్టూ వేడిపట్టీ కట్టాలి. అయినా ఇంటి నుంచి ఖగోళం చూడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకున్న జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లోని తన ఇంట్లోనే వేధశాల పెట్టాడు. ఆయన అల్లుడు, డిప్యూటీ కలెక్టరు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న అక్కడి నుంచే సూర్యబింబం మీదుగా శుక్రుడి ప్రయాణాన్ని కొలిచాడు. ఆ ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేసేవారో చరిత్రకారులు రాయలేదు.

అనకాపల్లి: దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. గానుగల కాలంలో బెల్లం పొయ్యిల పొగ, తెల్లవారుజామున మంచు. తూర్పున విశాఖ వెలుగు ఆకాశానికి సున్నం వేసినట్టు ఉంటుంది. పాత సోడియం దీపాల పసుపు ఇరుకైన పట్టీ కాబట్టి ఫిల్టరు ఆపేది. ఎల్‌ఈడీ తెలుపు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది, దానికి మందు లేదు.

ఆక్షేపం: హబుల్ తీసిన బొమ్మలు ఫోన్లోనే ఉండగా ఈ పాట్లెందుకు?

సమాధానం: ఆండ్రోమెడా పక్కనే ఆక్సిజన్ వెలుగుతో ఓ పెద్ద చాపం ఉన్నట్టు 2023 జనవరిలో ప్రకటించారు. అంతగా ఫొటోలు తీసిన గెలాక్సీ పక్కన దాన్ని మొదట పట్టింది జర్మనీ, ఫ్రాన్సుల ఔత్సాహికులు. వంద గంటలు దాటిన ఎక్స్‌పోజరు వారిది. ఒక గంటవాడు ఈ సమాధానాన్ని వాడుకోవడం న్యాయమా అంటే, టీకాకారుడు మౌనం.

తాత్పర్యం: చలిలో గంటసేపు కూర్చున్నాడు, బొమ్మ వచ్చింది, కింద అన్నం చల్లారింది.

విశేషం: ఆండ్రోమెడాను ఫొటోలో పట్టి పేరుపొందిన ఐజాక్ రాబర్ట్స్ (1888) వృత్తిరీత్యా ఇళ్లు కట్టించే వ్యాపారి. ఆయన 20 అంగుళాల టెలిస్కోపు ఇంగ్లండులో ఉండేది. అక్కడ సెంటారస్-ఎ గెలాక్సీ దిగ్మండలం పైకే రాదు. అనకాపల్లిలో అది వేసవి రాత్రుల్లో దక్షిణాన 29 డిగ్రీల దాకా లేస్తుంది. అప్పటికి ఆండ్రోమెడా సాయంత్రపు ఆకాశంలో ఉండదు. కాబట్టి చైత్రం నుంచి మూలంలో "ఎం31" తీసేసి సెంటారస్-ఎ అని రాసుకోవచ్చు. టీక మాత్రం మళ్లీ మొదలుపెట్టాలి.