విత్తనపు కంద

కొల్లిపర, దుగ్గిరాల వైపు కంద వేసేవాళ్లకు దుంప తవ్వడంతో పని తీరదు. కూరకు పోయే సరుకును వ్యాపారి పుట్టి లెక్కన తూచుకుని లారీకెత్తుతాడు. అసలు చాకిరీ ఇంట్లో మిగిలిన విత్తనపు కందతోనే. పెట్టుబడిలో పెద్ద వాటా విత్తనానిదే కాబట్టి, మళ్లీ మే, జూన్‌లో నాటేదాకా దాన్ని కాపాడుకోవాలి.

ఆ పనిలో మా బాబాయిని మించినవాడు ఊళ్లో లేడు. ఆకు పండి, కాడ వాలిపోయాకే గునపం పడతాడు. ముదరని దుంప నిలవ ఉండదు. దెబ్బ తగిలిన దుంప ఆ పూటే కూరకు పోవాల్సిందే. మిగతావాటి మట్టి చేత్తోనే రాల్చి, వేళ్లు తీసి, చెట్టు నీడన ఆరబెడతాడు. శుభ్రంగా ఉంటాయని ఎవరైనా కడగబోతే కేకలేస్తాడు, తడి తగిలిన చోటే కుళ్లు పుడుతుంది మరి. తర్వాత గొడ్ల సావిడి పక్కన గాలాడే పాకలో ఇసుక పరిచి, కన్ను పైకి ఉండేలా ఒకే వరసలో పేరుస్తాడు. గుట్ట పోస్తే అడుగువి ఆవిరికి కమిలిపోతాయి. ఇది అందరికీ తెలుసు, అయినా చోటు చాలదని గుట్ట పోసేవాళ్లే ఎక్కువ. బాబాయి మాత్రం తన మంచం బయట వేసుకునైనా కందకు చోటు చేస్తాడు. వారం వారం ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. మెత్తబడింది కనిపిస్తే దాన్ని పారేసి, పక్కవాటిని విడిగా పెడతాడు.

ఈ వేసవిలో నేను వెళ్లేసరికి కళ్లన్నీ గులాబీ రంగులో ఉబ్బి ఉన్నాయి. ముక్కలు ముంచడానికి పిన్ని పేడనీళ్లు కలిపి పెట్టింది. ప్రతి ముక్కకూ కాస్త కన్ను వచ్చేలా కోయడమే తరువాయి.

“ఒక్కటీ పోలేదే, బాబాయ్!”

“పోలేదురా.”

కత్తి మాత్రం ముట్టుకోలేదు.

“మరి కోయవేం?”

“ఎక్కడ నాటమంటావు? కిందటేడు పసుపు వేసిన చెక్కలో వేద్దామనుకున్నా. ఎవరో ఎక్కువ కౌలు ఇస్తామన్నారట, చేను యజమాని వాళ్లకి ఇచ్చేశారు. నిన్న కబురు చేశారు.”

ఏళ్లుగా ఆ చేను నోటిమాట మీదే చేస్తూ వచ్చాడు. 2019 నాటి కౌలు చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలు కార్డు వస్తుంది. దానికి యజమాని సంతకం కావాలి. అడిగితే చేనే ఇవ్వరన్న భయంతో బాబాయి ఏనాడూ అడగలేదు.

వారం తిరక్కుండా కొత్త కౌలుదారు బేరానికి వచ్చాడు. ఊళ్లో అంత మంచి విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. కన్ను కదిలిన కంద ఇంకో ఏడాది ఆగదు. బాబాయి తూచి ఇచ్చేశాడు.

ఇప్పుడు ఆ చేలో మొలిచిందంతా బాబాయి దాచిన కందే.