ఇంపార్టెంటు పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

“ఒరేయ్, ఈ పద్యం ఇంపార్టెంటురా. ప్రతిపదార్థం గైడులో ఉంది, చూసుకోండి. నెక్స్ట్!”

అవతారిక

మైలవరమున ఒకానొక బడిలో, మధ్యాహ్న భోజనము వెంటనే వచ్చు పీరియడునందు, తిరుపతి వేంకట కవుల కృష్ణరాయబార పద్యము నొకదానిని చేపట్టిన తెలుగు మాస్టారు, సిలబసు తరుముచుండగా ఇట్లనుచున్నారు.

ప్రతిపదార్థము

ఒరేయ్ = ఓ వెనక బెంచీవారలారా (ఏకవచనమైనను తరగతి కంతటికిని చెల్లును); ఈ పద్యం = పుస్తకమున నాలుగు పాదములు చాచి పడుకొనియున్న ఈ పద్యము; ఇంపార్టెంటురా = పోయిన ఏడు పరీక్షలో రాలేదు గనుక ఈ ఏడు వచ్చునది; ప్రతిపదార్థం = మాట కొక సమానపు గుర్తు చొప్పున పద్యమును విప్పి పేర్చిన సామాను; గైడులో = అన్న చదివి తమ్మునికిచ్చిన అట్టలేని గ్రంథరాజమునందు; చూసుకోండి = నన్నడుగకుడు; నెక్స్ట్ = పద్యమునకు పరమపదము.

వ్యాఖ్య

‘పద్యము’ అనుచోట మతభేదము కలదు. రెండు మార్కులని ముందు బెంచీవారు, కునుకు వేళయని వెనక బెంచీవారు. చెవితో వినవలసినదని చెప్పినవా డొక్కడును లేడు. ఇది మైలవరమున మరింత వింత. జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజము వెలసినది ఈ ఊరనే. ‘మైలవరం కంపెనీ’ యను ఆ సమాజమనగా కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు, పాపట్ల కాంతయ్య బాణీ. పద్యనాటకపు కృష్ణుడు పాదము సగములో ఆపును. దుర్యోధనుని వంక ఓరగా చూచును. మిగిలిన సగమును తారస్థాయిలో వదలును. మొదటి సగము మర్యాద, రెండవది హెచ్చరిక. అక్షరము ముక్కరాని ప్రేక్షకుడు ఆ తేడా పట్టుకొని “వన్స్ మోర్” అని కేకవేసెడివాడు. వాని చేతిలో గైడు లేదు.

విశేషములు

మూలమున యతి, మాస్టారు గంటకై చెవియొగ్గుచోట పడినది. అలంకారము ఉత్ప్రేక్ష కాదు, ఉపేక్ష. రసము సిలబసు భయానకము. మూలమున లేనిది వ్రాయనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. గైడు అంతకు మించినది, దానికి మూలముతోనే పనిలేదు.

తాత్పర్యము

తప్పు మాస్టారిది కాదు. ప్రశ్నపత్రము భావము వ్రాయుమనును గాని గొంతెత్తి చదువుమనదు. అడుగనిది చెప్పుటకు పీరియడు చాలదు. అయినను అర్థము చెప్పబోవుటకు ముందు ఒక్కమారు రాగము తీసి చదివినచో, ఎవరు ఎవరిని దెప్పుచున్నారో పిల్లలకు దానంతటదే తెలియును. ప్రతిపదార్థమున సగము పని అక్కడనే తీరును. ఈ పద్యముల కర్తలలో ఒకరగు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారును బందరు హిందూ హైస్కూలులో తెలుగు మాస్టారే. వారి క్లాసునుండి విశ్వనాథ సత్యనారాయణ వెలువడెను. గైడు మాత్రము వెలువడలేదు.