జీరో బిల్లు ఇంట్లో జియాన్ సర్వర్

క్రూషియల్ పోయిందని జగిత్యాలలో సంతాప సభ పెట్టడం ఒక్కటే తక్కువ. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మడం ఆపేస్తున్నామని 2025 డిసెంబరు 3న మైక్రాన్ చెప్పిన దగ్గర్నుంచి టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా ర్యామ్ ధర ముచ్చటే. పసుపు రేటు అడిగేటోళ్లు లేరు. "అన్నా, ముప్పై రెండు జీబీ ఇప్పుడే తీస్కోవాల్నా, ఆగాల్నా?" అని ఒక పిల్లగాడు నన్ను పట్టుకున్నాడు. నాకు తెలిసి వాళ్లింట్లో దాచాల్సిన సరుకంతా కలిపి అక్క పెండ్లి వీడియో, మేనల్లుడి పుట్టినరోజులు, పొలం పాసుబుక్కు ఫొటో. మెమరీ మొత్తం ఏఐ డేటా సెంటర్లే ఎత్తుకుపోతున్నాయని వాడి బాధ. వాళ్లకూ మనవాడికీ ఒక్క చిప్పు దగ్గరే పోటీ వచ్చింది, ఏం చేస్తాం.

అంతకుముందు అక్టోబరులో ఇంకో పండుగ అయింది. దసరా పోయి దీపావళి రాకముందే, ఇంట్లో ఫైళ్లు దాచుకునే నాస్ డబ్బాలు అమ్మే సైనాలజీ కంపెనీ దిగొచ్చింది. "మా కొత్త డబ్బాల్లో మేం చెప్పిన డిస్కులే పెట్టాలె" అని ఏప్రిల్‌లో హుకుం వేసి, ఆర్నెల్లు తిట్లు తిని, తన సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో ఆ షరతు ఎత్తేసింది. మా వాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. ఆ డబ్బా వీళ్లలో ఒక్కరి దగ్గరా లేదు, కొనే ఆలోచనా లేదు. అయినా ఏప్రిల్‌లో కోపం నిజమే, అక్టోబరులో సంబరం నిజమే.

ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకోవడం తప్పని నేననను. 2021 జూన్ 1న గూగుల్ ఫొటోల ఉచిత సంతర్పణ ఆగిపోయింది. పదిహేను జీబీ నిండింది. నెలనెలా అద్దె కట్టే బదులు ఇంట్లోనే రెండు డిస్కుల డబ్బా పెట్టుకుందామన్నది బుద్ధిగల ఆలోచనే. అక్కడికి కథ అయిపోవాలి. కాలేదు. డబ్బా పెట్టి ఏడాది తిరక్కుండానే అప్‌గ్రేడ్ పురుగు కుట్టింది. పాతది పని చేస్తూనే ఉంటుంది. దాని నేరమల్లా పాతది కావడమే.

మా బామ్మర్ది సికింద్రాబాద్ సీటీసీకి పోయి ఒక జియాన్ సర్వర్ తెచ్చాడు. ఏదో కంపెనీ వాడి వదిలేసిన సరుకు. రెండు ప్రాసెసర్లు, రెండు పవర్ సప్లైలు, ఎనిమిది డిస్కుల అరలు, ముందు వరసగా నీలం లైట్లు. చవకే, కాదనను. ఆ కంపెనీ దాన్నెందుకు వదిలించుకుందో మాత్రం ఆయన అడగలేదు. అంతకన్నా తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే యంత్రాలు వచ్చాయి కాబట్టి వదిలించుకుంది. స్విచ్ వేసిన మొదటి రాత్రే పక్కింటివాళ్లు వచ్చి పిండిగిర్నీ పెట్టారా అని అడిగిపోయారు.

ఆ యంత్రం ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా 120 వాట్లు తింటుంది. రాత్రీ పగలూ. లెక్క వేస్తే నెలకు 86 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఇండ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది కదా, ఆయన ఇంటికీ వచ్చేది. ఫ్రిజ్జు, మోటరు, ఫ్యాన్లు, టీవీ అన్నీ కలిపి నూట యాభై దగ్గర ఆగే ఇల్లు. ఇప్పుడు 236. రెండొందలు దాటితే పైనున్న ముప్పై ఆరుకు కట్టి ఊరుకోవడం కాదు, మొత్తానికీ కట్టాలి. గూగుల్‌కు నెలనెలా అద్దె కట్టడం బానిసత్వమని ఉపన్యాసాలిచ్చిన మనిషి ఇప్పుడు కరెంటోళ్లకు నెలనెలా అద్దె కడుతున్నాడు. స్వేచ్ఛ వచ్చింది, దాంతోపాటు బిల్లూ వచ్చింది.

ఎండాకాలం సంగతి ఇంకా ఉంది. మే నెలలో జగిత్యాల 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. ఇంట్లో పెట్టుకునే నాస్ డబ్బాలకు సైనాలజీ రాసుకున్న హద్దే 40 డిగ్రీల గది. కంపెనీ ఏసీ గదిలో పుట్టి పెరిగిన ఈ సర్వర్ మా బామ్మర్ది రేకుల గదిలో ఆయాసపడింది. దాంతో ఇంట్లో ఉన్న ఒక్క కూలర్ అటు పోయింది. ఆయన ఇల్లాలు, నాకు చెల్లె వరుస, పిల్లలకు విసనకర్రతో విసురుతూ ఒకటే మాటంది: "అన్నా, గా డబ్బాల ఏమున్నయో నాకైతే ఒక్కనాడు సూపెట్టలే." ఆయన తదుపరి అప్‌గ్రేడ్ ఏమిటో తెలుసా? ఆ గదికి ఏసీ.

ఇంత యంత్రం ఎందుకయ్యా అంటే సమాధానం సిద్ధంగా ఉంది. "బావా, ఈసీసీ మెమరీ కావాలె. అంతరిక్షం కెల్లి వచ్చే కిరణం తాకి ఒక్క బిట్టు తిరగబడ్డా డేటా ఖరాబైతది." జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెడితే ఈసీసీ లేకుండా కుదరదట. టెరాబైటు డిస్కుకు ఒక జీబీ ర్యామ్ ఉండాలట. జెడ్ఎఫ్ఎస్‌ను మొదట రాసినవాళ్లలో ఒకరైన మాట్ ఆరెన్స్, మిగతా ఫైల్ సిస్టమ్‌లకు లేని ఈసీసీ అవసరం దీనికి ప్రత్యేకంగా ఏమీ లేదని ఏనాడో చెప్పాడు. డేటా మీద ప్రేముంటే ఈసీసీ వాడమనీ అన్నాడు, అదీ నిజమే. మంచిది, వాడండి. కానీ మా బామ్మర్ది అంతరిక్షం నుంచి వచ్చే కిరణానికి కాపలా పెట్టి, వీధి స్తంభం నుంచి వచ్చే తీగను గాలికొదిలేశాడు. యూపీఎస్ లేదు. గాలి దుమారం లేచిన ప్రతి సాయంత్రం ఆ సర్వర్ రెండుసార్లు చచ్చి మూడుసార్లు లేస్తుంది. యూపీఎస్ ఏదయ్యా అంటే, "ర్యామ్‌కే అన్నీ అయిపోయినయ్ బావా."

సిరిసిల్లలో ఇంకో తీరు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊళ్లో ఇప్పుడు ఎనిమిది అరల కన్నా చిన్న డబ్బా ఎవరికీ ఆనడం లేదు. ముందు గదిలో సాంచాలు నడిచే ఇంట్లో వెనక గదిలో సర్వర్ పెడితే, వారం తిరిగేసరికి నూలు దుమ్ముతో ఫ్యాన్లు బిగుసుకుంటాయి. దాని మీద కవర్ కప్పుతారు, ఇంకా వేడెక్కుతుంది. పది గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డు పెట్టినవాడూ ఉన్నాడు. ఇంట్లో ఉన్నవి వైఫై మీద నడిచే నాలుగు ఫోన్లు. దుబాయిలో ఉన్న తమ్ముడు ఊరి ఫొటోలు చూడాలని రౌటర్‌లో పోర్టులు తెరిచినవాళ్లున్నారు. కేబుల్ ఫైబర్ వాళ్లిచ్చే ఐపీ అడ్రసు పదిమందీ పంచుకునేది కాబట్టి అవి చాలావరకు తెరుచుకోవు, అది వాళ్ల అదృష్టం. 2022 జనవరిలో అలా తెరిచిన క్యూనాప్ కంపెనీ నాస్ డబ్బాలకు డెడ్‌బోల్ట్ ముఠా తాళాలేసి బిట్‌కాయిన్ అడిగింది.

నవ్వింది చాలు.

కోరుట్లలో ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన ఏండ్ల తరబడి మస్కట్‌లో పని చేసి అక్కడే పోయాడు. పిల్లలకు బాపు అంటే ఫోనులో వచ్చిన వీడియోలు, డ్యూటీ దిగి పంపిన వాయిస్ మెసేజ్‌లు. ఆయన భార్య బీడీలు చేసి దాచిన పైసలతో వాటి కోసం రెండు డిస్కుల డబ్బా కొన్నారు. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటది అక్కా, మీ సామాను యాడికీ పోదు" అన్నాడు అమ్మినవాడు. ఆ మాట నమ్మి ఫోన్లలో అసలువి చెరిపేశారు. వానలు మొదలైన కొత్తలో ఒక రాత్రి పిడుగు పడింది. తీగ గుండా వచ్చిన దెబ్బకు రెండు డిస్కుల బోర్డులూ ఒక్కసారే కాలిపోయాయి. మర్నాడు దుకాణానికి తీసుకుపోతే ఆ మనిషే అడిగాడట, "బ్యాకప్ తీస్కోలేదా అక్కా?" అని.

పిడుగు మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న అడిగిన నోటి మీద ఉంది. ఒకే డబ్బాలో, ఒకే తీగ మీద, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు డిస్కులు ఒకదాని వెంట ఒకటి పోవచ్చని అమ్మేవాడికి తెలియదా? పొరపాటున ఒక ఫొటో చెరిపితే రెండింటిలోనూ అదే క్షణం చెరుగుతుందని తెలియదా? 1988లో బెర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఇలా డిస్కులు జతచేసే రెయిడ్ పద్ధతి గురించి రాసింది చవక డిస్కులు నాలుగు కలిపి ఖరీదైన పెద్ద డిస్కు పని చేయించడానికి, ఒక డిస్కు పోయినా యంత్రం ఆగకుండా నడవడానికి. ఇల్లు కాలినా, దొంగలు పడినా, పిడుగు పడినా కాపాడుతుందని వాళ్లెక్కడా అనలేదు. ఆ అబద్ధం మన దుకాణాల్లో పుట్టింది. దాన్ని యూట్యూబ్‌లో పెంచారు. నలభై నిమిషాల వీడియోలో ముప్పై తొమ్మిది నిమిషాలు డబ్బా విప్పడం, ప్రాసెసర్‌కు పేస్టు రాయడం, లైట్ల రంగు మార్చడం. "బ్యాకప్ కూడా పెట్టుకోండి ఫ్రెండ్స్" చివర్న, బెల్ బటన్ నొక్కమనే ముందు. సిగ్గుండాలి.

ర్యామ్ ధర ఎంత పెరిగినా హార్డ్‌వేర్ ఎన్నుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఫొటోలు దాచి టీవీలో సినిమా చూపించడానికి ఎన్100 లాంటి ఆరు వాట్ల ప్రాసెసర్ చాలు, ఎనిమిది జీబీ చాలు. రెండు డిస్కులతో కలిపినా నెలకు ఇరవై యూనిట్ల దగ్గర ఆగుతుంది. జీరో బిల్లు జోలికి పోదు. డిస్కు కొనేటప్పుడు అది రాసే తీరు సీఎంఆరా, నాస్‌లో నెమ్మదించే ఎస్ఎంఆరా చూసుకోండి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లోనే చెప్పకుండా ఎస్ఎంఆర్ పెట్టి దొరికిపోయింది. మిగిలిన పైసలతో యూపీఎస్, ఇంకో బయటి డిస్కు. మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి అని లెక్క చెప్పిన పీటర్ క్రో ఇంజనీరు కాదు, ఫొటోగ్రాఫర్. కెమెరా పట్టినవాడికి తెలిసిన సంగతి సర్వర్ కట్టినవాడికి తెలియకపోవడం ఏమిటి?

కాబట్టి జగిత్యాల తమ్ముళ్లూ, ఈ ఆదివారం ర్యామ్ రేటు చూడటం మానేయండి. ఉన్న ఫొటోలన్నీ ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, ఆర్టీసీ బస్సెక్కి, కోరుట్లలో మీ అక్క ఇంటి బీరువాలో పెట్టి రండి. బస్సు దిగాక జియాన్ కొనుక్కుంటారో, ఎనిమిది అరలకు పదహారు చేసుకుంటారో మీ ఇష్టం. బిల్లు మాత్రం చెల్లె చేతికివ్వకండి.