పడ్డాయో లేదో తమరే సెలవివ్వాలి

మహారాజశ్రీ సౌండ్ బాక్సు గారి సముఖానికి, వీధి వ్యాపారుల తరఫున దాఖలవుతున్న బహిరంగ అర్జీ.

గుంటూరు బ్రాడీపేటలో పొద్దున ఏడింటికి ఓ ఇడ్లీ బండి దగ్గర నిలబడితే తమరి హోదా ఏపాటిదో తెలుస్తుంది. తిన్న కుర్రాడు చెయ్యి కడుక్కుని, స్కానర్‌కి ఫోను చూపించి ‘‘ఫోన్‌పే కొట్టానక్కా’’ అంటాడు. (వాడింది వేరే యాప్ కావచ్చు. మన దగ్గర దేంతో పంపినా దాని పేరు ఫోన్‌పేనే.) అతని ఫోనులో టిక్కు పడుతుంది. అక్క ఆ టిక్కు చూడదు, తమరివైపు చెవి పెడుతుంది. ‘‘నలభై రూపాయలు అందాయి’’ అని తమరు సెలవిచ్చేదాకా కుర్రాడు కదలడు, ఆమె చేతిలో గరిటే కదలదు. వెనకటికి ఊళ్లో కరణం గారికి కూడా ఇంత చెల్లుబాటు లేదు.

ఆమెది అనుమానపు బుద్ధేమీ కాదు. అచ్చం అలాంటి టిక్కునే చూపించే దొంగ యాప్‌లున్నాయి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో ఎవరో రాత్రిపూట వచ్చి దుకాణాల స్కానర్ల మీద తమ స్కానర్లు అంటించి పోయారు. తెల్లారి కొన్నవాళ్లు నిజాయితీగానే కొట్టారు, డబ్బులు మాత్రం దొంగల ఖాతాలో పడ్డాయి. అలాంటప్పుడు తమరు నోరు మెదపకపోవడమే మొదటి ఆనవాలు. అందుకు తమరికో దండం. ఇక ఫిర్యాదులు.

తమరి వంశం గొప్పదే. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ముంబైలో ఈ ఫోను చెల్లింపులకు ఆధారమైన యూపీఐని ప్రారంభించారు. ఏడు నెలలకే పెద్ద నోట్లు రద్దయి, చేతిలో చిల్లర లేని జనం ఫోను వైపు తిరిగారు. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటాయి. తమరికి మహేష్ బాబు గొంతు పెట్టిన కంపెనీ కూడా ఉంది. ఆ గొంతులో ‘నలభై’ వింటే ఎవరికైనా నాలుగు వందలు వచ్చినట్టే ఉంటుంది.

ఇదంతా ఉచితమని ప్రచారం. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర కమీషన్ తీసుకోకూడదన్న మాట నిజమే. తమరి అద్దె మాట? కంపెనీని బట్టి నెలకు వంద రూపాయలకు అటూ ఇటూ. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి పథకంలో, డిజిటల్‌గా డబ్బు తీసుకున్నవాళ్లకు నెలకు 100 రూపాయల దాకా క్యాష్‌బ్యాక్ పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన వంద బండి దాకా వచ్చి తమరి అద్దె కింద జమ అయిపోయేదన్నమాట. అటు బ్యాంకులదీ ఏడుపే. చిన్న వ్యాపారికి అందే 2000 లోపు చెల్లింపుల మీద 0.15 శాతం ప్రోత్సాహకమిస్తామని 2024-25కి కేంద్రం 1500 కోట్లు కేటాయించింది. నలభై రూపాయల ప్లేటుకు లెక్క కడితే ఆరు పైసలు, అదీ నలుగురూ పంచుకోవాలి.

అసలు బాధ తమరు మౌనవ్రతం పట్టిన రోజున మొదలవుతుంది. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ మొరాయించింది. అలాంటి పూట ‘‘నాకు కట్ అయ్యాయక్కా’’ అంటాడు కుర్రాడు. ‘‘నాకు పడలేదు నాయనా’’ అంటుంది ఆమె. ఇద్దరిదీ నిజమే. వ్యాపారికి ఖరారు కాని డబ్బు ఐదు రోజుల్లో వెనక్కి వెళ్లిపోవాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారమనీ రిజర్వ్ బ్యాంకు 2019లోనే ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వే. కానీ ఆ డబ్బూ, ఆ పరిహారమూ కొన్నవాడివి. తిన్న ఇడ్లీ మాత్రం వెనక్కి రాదు. కుర్రాడు మళ్లీ ఆ వీధికి వస్తే వచ్చినట్టు.

తమరికి తెలిసింది అంకె ఒక్కటే, అదే చిక్కు. చీటీ పాట డబ్బు పడినా, తోడికోడలు తీర్చిన చేబదులు పడినా అదే గొంతుతో అరుస్తారు. అవన్నీ అమ్మకాలేనని ఒకరోజు ఎవరో కూడేస్తారు. 2025 జులైలో కర్ణాటకలో జరిగిందదే. యూపీఐ లెక్కలు చూసి పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో కూరగాయలమ్మే ఒకాయనకు, నాలుగేళ్లలో 1.63 కోట్లు అందాయంటూ 29 లక్షలు కట్టమని వచ్చింది. పచ్చి కూరగాయల మీద జీఎస్టీయే లేదు! బెంగళూరు దుకాణదారులు స్కానర్లు పీకేసి ‘ఓన్లీ క్యాష్’ అని అట్టలు కట్టాక, పాత బకాయిలు అడగబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. పన్ను పడే సరుకులమ్మితే చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటినవాళ్లు జీఎస్టీ కట్టాల్సిందే, అందులో పేచీ లేదు. పేచీ అల్లా చేబదులును ఇడ్లీల్లో కలపడం దగ్గరే.

ఇంకోటుంది. ఎక్కడో ఒకరిని మోసం చేసినవాడు ఆ సొమ్ములోంచి నలభై పెట్టి ఇడ్లీ తిన్నాడనుకోండి. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాడు, డబ్బు జాడ బండి దాకా వస్తుంది, ఖాతా స్తంభించిపోవచ్చు. ఆ నలభై పడ్డప్పుడు తమరు ఎంత సంబరంగా చాటారో వీధంతా విన్నది.

కాబట్టి కోరేదేమనగా: సర్వర్ పడుకున్నప్పుడు ఆ సంగతైనా పైకి చెప్పండి, జనం ప్లేటులో చెయ్యి పెట్టకముందే. ఖాతా ఆపేట్టయితే వివాదంలో ఉన్న ఆ నలభై వరకే ఆపమని పైవాళ్ల చెవిన వెయ్యండి. జవాబు తెలుగులో, కాస్త గట్టిగా ఇప్పించగలరు. పక్క బండిలో పూరీలు వేగుతుంటే ఏమీ వినపడదు.

ఇట్లు,
రెండు ప్లేట్లు తిని, తమరి నోటి వెంట మాట కోసం పది నిమిషాలుగా నిలబడినవాడు.